పిల్లల డాక్టర్లకు ఆన్‌లైన్ సీఎంఈలు: గంటలూ లెక్కలోకి రావాలి, వార్డులోనూ పనికి రావాలి. ఏవి, ఎలా?

కూకట్‌పల్లి పీడ్స్:

అందరికీ నమస్తే. పిల్లల డాక్టర్లకు సంబంధించిన ప్రశ్న, కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

పరిస్థితి ఇది. 25 పడకల నర్సింగ్ హోమ్. నాలుగు వార్మర్లు ఉన్నాయి, పీఐసీయూ (పిల్లల ఐసీయూ) లేదు. సాయంత్రం ఓపీ తొమ్మిదిన్నర దాకా నడుస్తుంది. రిజిస్ట్రేషన్ రెన్యూవల్‌కి ఎనిమిది నెలలు ఉంది, చేతిలో 12 క్రెడిట్ గంటలే ఉన్నాయి. ఆదివారం హాళ్లలో జరిగే సీఎంఈలకు (డాక్టర్లు చదువు కొనసాగించే కార్యక్రమాలు) వెళ్లాలంటే డ్యూటీ చూసే మనిషి దొరకాలి, దొరకరు. కాబట్టి ఎక్కువ భాగం ఆన్‌లైన్‌లోనే కావాలి.

అడగాల్సినవి నాలుగు. ఏ సర్టిఫికెట్ రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ దగ్గర చెల్లుతుంది, అమెరికా వాళ్ల క్రెడిట్లు ఇక్కడ పనికొస్తాయా? ఒక కోర్సు పాతబడిందో లేదో డబ్బు కట్టకముందే ఎలా తెలుసుకోవాలి? పాల్స్ (ప్రాణాపాయంలో ఉన్న పిల్లల్ని కాపాడే శిక్షణ) పూర్తిగా ఆన్‌లైన్‌లో అయిపోతుందని ప్రకటనలు వస్తున్నాయి, నిజమేనా? చివరిది అసలైనది: గంట లెక్చర్ ఒకటిన్నర స్పీడులో చూసేసినా వారం తిరిగేసరికి ఏమీ మిగలడం లేదు. దీనికి మందేమిటి?

---

ఫైళ్ల పని:

మొదటిదానికి నేను చెప్తాను, మిగతావి తెలిసినవాళ్లు అందుకోండి.

ఐదేళ్లలో 30 గంటలు అన్నది 2002 నాటి ఎథిక్స్ రెగ్యులేషన్స్‌లో ఉన్న మాట. 2023 ఆగస్టులో ఎన్ఎంసీ (జాతీయ మెడికల్ కమిషన్) కొత్త రెగ్యులేషన్స్ నోటిఫై చేసి, అదే నెలలో పక్కన పెట్టేసింది. ఇప్పటికీ ఆ 2023 పీడీఎఫ్ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూ ఉంటుంది. అది చూసి కంగారు పడకండి.

చెల్లడం, చెల్లకపోవడం అనేది లెక్చర్ ఎంత గొప్పదన్న దాని మీద ఉండదు, కాగితం మీద ఉంటుంది. సర్టిఫికెట్ చేతికి రాగానే ఇవి చూడండి: మీ పేరు కౌన్సిల్ రిజిస్టర్‌లో ఉన్నట్టే ఉందా (ఇంటిపేరు ముందా వెనకా అన్నదానితో సహా), రిజిస్ట్రేషన్ నంబరు ఉందా, తేదీ ఉందా, ఎన్ని క్రెడిట్ గంటలో అంకెల్లో ఉందా, ఆ గంటలు మంజూరు చేసిన స్టేట్ మెడికల్ కౌన్సిల్ పేరూ, లెటర్ నంబరూ ఉన్నాయా. ఈ ఆఖరిది లేకపోతే అది పాల్గొన్నట్టు ఇచ్చిన కాగితం మాత్రమే. "క్రెడిట్లకు దరఖాస్తు చేశాం" అని బ్రోచర్‌లో రాసి ఉంటే దాని అర్థం ఇంకా రాలేదని. ముందే మెయిల్ పెట్టి లెటర్ కాపీ అడగండి. ఇచ్చేవాళ్లు పది నిమిషాల్లో ఇస్తారు, ఇవ్వనివాళ్లు ఎప్పటికీ ఇవ్వరు.

అమెరికా వాళ్ల 'ఏఎంఏ పీఆర్ఏ కేటగిరీ 1' క్రెడిట్ అంటే గంటకు ఒకటి చొప్పున. ఏ దేశం డాక్టరైనా తీసుకోవచ్చు. కానీ అది వాళ్ల లెక్క. మన కౌన్సిల్ ఖాతాలో దానంతట అది పడదు. కోఠీలో కౌన్సిల్ ఆఫీసుకు లిఖితపూర్వకంగా రాసి, జవాబు ఫైల్లో పెట్టుకున్నాకే లెక్కలో వేసుకోండి. అందుకే నా సలహా: మీకు తక్కువ పడిన 18 గంటలనూ కౌన్సిల్ లెటర్ ఉన్న ప్రోగ్రాములతోనే నింపండి. విదేశీ కోర్సులు నేర్చుకోవడానికి పెట్టుకోండి. రెండింటినీ ఒకే దెబ్బకు కొడదామనుకుంటే రెండూ పోతాయి.

లైవ్ వెబినార్లలో గంటలు ఎక్కడ పోతాయంటే, ఫోన్లోంచి జాయిన్ అయితే మీ పేరు బదులు ఫోన్ మోడల్ పేరు కనిపిస్తుంది. హాజరు పట్టిక తీసేటప్పుడు అది ఎవరిదో నిర్వాహకులకు తెలియదు. లోపలికి వెళ్లగానే 'రీనేమ్' కొట్టి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు వేయండి. నెట్ పోయి మళ్లీ వస్తే రిజిస్టర్ చేసిన ఈమెయిల్‌తోనే రావాలి, ఇంకో మెయిల్‌తో వస్తే రెండు సగం హాజరులుగా పడి రెండూ కొట్టేస్తారు. మధ్యలో వచ్చే పోల్ చాలాచోట్ల హాజరు కిందే లెక్క. ఫీడ్‌బ్యాక్ లింకు చివర్లో చాట్‌లో పడుతుంది, విండో మూసేస్తే చాట్ కూడా పోతుంది. పీడీఎఫ్ ఆ రోజే దించుకుని, ఫైలు పేరు "తేదీ, విషయం, గంటలు" అని మార్చి పెట్టుకోండి. రెన్యూవల్ నెలలో ఐదేళ్ల మెయిళ్లు తవ్వే బాధ తప్పుతుంది.

అమెరికా లైవ్ సెషన్లు చూసేవాళ్లకు టైము సంగతి. వాళ్ల తూర్పు తీరంలో మధ్యాహ్నం 12 అంటే మనకు ఎండాకాలంలో రాత్రి 9:30, చలికాలంలో 10:30. మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారం మారుస్తారు. ఆ వారాల్లో గంట ముందో వెనకో పడటం మామూలే.

---

ఉప్పల్ ఎన్ఐసీయూ:

రెండో ప్రశ్నకు వస్తాను. కోర్సు పాతదో కొత్తదో తెలుసుకోవడానికి మొత్తం చూడక్కర్లేదు. ముందు మొదటి పేజీలో రెండు తేదీలు వెతకండి, విడుదల తేదీ, గడువు తేదీ. అమెరికా అక్రెడిటేషన్ ఉన్న రికార్డెడ్ కోర్సులను కనీసం మూడేళ్లకోసారి సమీక్షించాలన్న నియమం ఉంది, అందుకే గడువు వేస్తారు. గడువు దాటాక వీడియో ఆడుతుంది, క్విజ్ కూడా తెరుచుకోవచ్చు, క్రెడిట్ మాత్రం రాదు. అసలు తేదీలే వేయని కోర్సుకు డబ్బు కట్టడం దండగ.

తేదీ కొత్తగా ఉన్నా స్లైడ్లు పాతవే ఉండొచ్చు. దానికి నాలుగు గీటురాళ్లు చెప్తాను. సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే స్థితి) లెక్చర్‌లో ఇంకా 'సిర్స్' (జ్వరం, గుండె వేగం లాంటి లక్షణాల పాత లెక్క) లెక్కపెడుతున్నారంటే అది 2024 జనవరికి ముందు సరుకు. అవయవాలు ఎంత దెబ్బతిన్నాయో చూసే ఫీనిక్స్ స్కోరు వచ్చాక 2005 నిర్వచనం పోయింది. ఇన్ఫెక్షన్ అనుమానం ఉండి స్కోరు 2 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే సెప్సిస్, అందులో కార్డియోవాస్కులర్ పాయింటు ఒక్కటైనా ఉంటే సెప్టిక్ షాక్. నవజాత శిశువుల కామెర్ల చార్టులో 2004 గీతలే చూపిస్తే అదీ పాతదే, 35 వారాలు నిండాక పుట్టిన శిశువులకు ఏఏపీ (అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం) 2022లో కొత్త గీతలు ఇచ్చింది, ఫోటోథెరపీ హద్దులు పైకి జరిగాయి. మెయింటెనెన్స్ ఫ్లూయిడ్ అంటే ఎన్-బై-ఫైవ్ (సెలైన్‌లో ఐదోవంతు ఉప్పే ఉండే ద్రవం) అని ఇంకా చెప్తుంటే, 2018లో ఏఏపీ 28 రోజుల నుంచి 18 ఏళ్ల వరకు ఐసోటానిక్ (రక్తంతో సమానంగా ఉప్పు ఉండే ద్రవం) అని చెప్పిన సంగతి ఆ స్పీకరుకు చేరలేదన్నమాట. సీపీఆర్ వీడియోలో పసిబిడ్డకు రెండు వేళ్లతో ఛాతీ నొక్కుతుంటే అది 2025 అక్టోబరుకు ముందుది. ఏహెచ్ఏ (అమెరికన్ హార్ట్ అసోసియేషన్) ఆ పద్ధతి తీసేసింది. ఇప్పుడు రెండు బొటనవేళ్లతో ఛాతీ చుట్టూ పట్టుకోవడం, లేదా ఒక అరచేతి మడమ.

ఇది సగమే. రెండో సగం ఎక్కువమంది చూడరు: ఆ లెక్చర్ ఎవరి ఆస్పత్రిని దృష్టిలో పెట్టుకుని చెప్పారు? సర్వైవింగ్ సెప్సిస్ పిల్లల గైడ్‌లైన్ (2020) తీసుకోండి. పీఐసీయూ ఉన్నచోట మొదటి గంటలో 10–20 మి.లీ./కిలో బోలస్‌లుగా (వేగంగా ఎక్కించే ద్రవం) మొత్తం 40–60 మి.లీ./కిలో దాకా, ప్రతి బోలస్ తర్వాత చూసుకుంటూ. పీఐసీయూ లేనిచోట, బీపీ పడిపోకపోతే, బోలస్ వద్దు, మెయింటెనెన్స్ చాలు. ఒకే కాగితంలో రెండు దారులు ఉన్నాయి. బోస్టన్ నుంచో లండన్ నుంచో మాట్లాడే స్పీకరు మొదటి దారి ఒక్కటే చెప్పి స్లైడు తిప్పేస్తాడు, ఆయన ఆస్పత్రికి అదే నిజం కాబట్టి. మీది వార్డు, వెంటిలేటరు లేదు. రెండో దారి వెనక ఉన్నది ఫీస్ట్ ట్రయల్. ఉగాండా, కెన్యా, టాంజానియాల్లో 3,141 మంది పిల్లల మీద జరిగింది, ఫలితాలు 2011లో వచ్చాయి. 48 గంటల్లో మరణాలు సెలైన్ బోలస్ ఇచ్చినవాళ్లలో 10.5 శాతం, ఇవ్వనివాళ్లలో 7.3 శాతం.

మన ఊళ్లో జులై నుంచి నవంబరు దాకా డెంగీ కాలం. డెంగీలో బీపీ ఇంకా నిలబడి ఉన్న షాక్‌కు పిల్లల్లో 10–20 మి.లీ./కిలో గంట పాటు నెమ్మదిగా ఎక్కించాలి. మామూలు సెప్సిస్ లెక్చర్ అలవాటుతో అదే ద్రవాన్ని పావుగంటలో తోసేస్తే, ఆ తర్వాత ప్లూరల్ ఎఫ్యూజన్‌తో (ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరి) ఆయాసం తెచ్చిపెట్టింది మనమే అవుతాం.

ఇక మందుల సాంద్రత. ఇక్కడే ఎక్కువమంది పప్పులో కాలేస్తారు. అమెరికా లెక్చర్‌లో పారాసిటమాల్ "10 కిలోల పిల్లకు సుమారు 4.7 మి.లీ." అంటారు. వాళ్ల సిరప్ 5 మి.లీ.కి 160 మి.గ్రా. మన దగ్గర అదే 150 మి.గ్రా. డోసు 120/5 సిరప్‌లో 6.25 మి.లీ., 250/5లో 3 మి.లీ., 1 మి.లీ.కి 100 మి.గ్రా. ఉండే డ్రాప్స్‌లో 1.5 మి.లీ. వాళ్ల 4.7 మన డ్రాప్స్‌లో పోస్తే 470 మి.గ్రా. అవుతుంది, మూడింతలు. అందుకే విదేశీ కోర్సు నోట్సులో మి.లీ. రాసుకోకూడదు, కిలోకు మి.గ్రా. మాత్రమే రాసుకోవాలి.

అడ్రినలిన్ ఇంకా ప్రమాదం. వాళ్ల వీడియోలో నర్సు 10 మి.లీ. ముందే నింపిన సిరంజి విప్పి ఇస్తుంది, అందులో 1 మి.లీ.కి 0.1 మి.గ్రా. ఉంటుంది. మన క్రాష్ ట్రాలీలో ఉండేది 1 మి.లీ. ఆంప్యూల్, 1 మి.గ్రా. అంటే పది రెట్లు గాఢం. కార్డియాక్ అరెస్టులో ఐవీ ఇవ్వాలంటే ఆంప్యూల్ మొత్తం 10 మి.లీ. సిరంజిలోకి తీసి, 9 మి.లీ. నార్మల్ సెలైన్ కలిపి, అప్పుడు కిలోకు 0.1 మి.లీ. పది కిలోల పిల్లకు 1 మి.లీ. "1 మి.లీ. ఇచ్చాను" అన్న మాట కలిపిన సిరంజి నుంచైతే సరైన డోసు, ఆంప్యూల్ నుంచి నేరుగా అయితే పదింతలు. అదే అనఫిలాక్సిస్‌లో (ప్రాణాంతక అలర్జీ) కండకు ఇచ్చేటప్పుడు కలపకూడదు, ఆంప్యూల్ నుంచి నేరుగా కిలోకు 0.01 మి.లీ. ఈ తేడా చాలా విదేశీ వీడియోల్లో కనిపించదు, ఎందుకంటే అరెస్టుకు వాళ్లు వాడేది ముందే నింపిన సిరంజి.

యూకే కోర్సులైతే యూనిట్లు వేరు. బిలిరుబిన్ మైక్రోమోల్‌ను 17.1తో భాగిస్తే మన మి.గ్రా., గ్లూకోజ్ మిల్లీమోల్‌ను 18తో గుణించాలి.

---

సికింద్రాబాద్ నుంచి:

ఉప్పల్ సార్ రాసిన దానికి ఒక అడ్డుకట్ట వేయాలి, లేకపోతే ఎవరో ఒకరు సగం చదివి బోలస్ అంటేనే భయపడతారు. ఫీస్ట్‌లో విరేచనాల పిల్లల్ని, తీవ్ర పోషకాహార లోపం ఉన్నవాళ్లను తీసుకోలేదు. విరేచనాలతో తీవ్రంగా డీహైడ్రేట్ అయిన పిల్లకు ప్లాన్ సీ (డబ్ల్యూహెచ్ఓ చెప్పిన సెలైన్ పద్ధతి) అలాగే ఉంది: రింగర్ లాక్టేట్ 100 మి.లీ./కిలో. ఏడాది లోపు పిల్లకు మొదటి 30 మి.లీ. గంటలో, మిగతా 70 ఐదు గంటల్లో. ఏడాది దాటితే 30 అరగంటలో, 70 రెండున్నర గంటల్లో. ట్రయల్ గురించి చెప్పే ఏ సీఎంఈలోనైనా "ఎవరిని తీసుకోలేదు" అన్న స్లైడు లేకపోతే ప్రశ్నల సమయంలో మొదట అడగాల్సింది అదే.

స్పాన్సర్డ్ వెబినార్ల గురించి కూడా రెండు మాటలు. మందుల మార్కెటింగ్ కోడ్ 2024 మార్చిలో వచ్చింది, సీఎంఈలకు పెట్టే ఖర్చు మీద నియమాలున్నాయి. అయినా సాయంత్రం ఎనిమిదింటి వెబినార్లలో సగం ఏదో ఒక సిరప్ కోసమే. పట్టుకోవడం తేలిక. శీర్షికలో జబ్బు పేరు ఉంటే చూడొచ్చు, మందు పేరు ఉంటే అది ప్రకటన. మందును దేంతో పోల్చారో చూడండి. రోజూ మనం వాడే చవక మందుతో కాకుండా ప్లాసిబోతో (మందు లేని ఉత్తి బిళ్లతో) మాత్రమే పోలిస్తే, అది మీ ప్రిస్క్రిప్షన్ మార్చే సమాచారం కాదు. గంటల కోసం చూస్తే చూడండి, నోట్సు మాత్రం రాసుకోకండి.

వ్యాక్సిన్ షెడ్యూలు ఎప్పుడూ ఐఏపీ (ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్) వాళ్లదే చూడాలి. అమెరికా షెడ్యూలులో బీసీజీ ఉండదు, టైఫాయిడ్ కాంజుగేట్ రొటీన్‌లో ఉండదు. ఆ టైఫాయిడ్ టీకా తయారయ్యేది మన శివార్లలోనే అన్నది వేరే సంగతి. ఎదుగుదల చార్టులు కూడా అంతే, ఐదేళ్ల వరకు డబ్ల్యూహెచ్ఓ, ఆ పైన 18 దాకా ఐఏపీ 2015.

---

రాత్రి డ్యూటీ:

ఎక్కడ నేర్చుకోవాలి అన్నది ఎవరూ చెప్పలేదు కాబట్టి క్లుప్తంగా. డబ్బు పెట్టకుండా అయితే బోస్టన్ చిల్డ్రన్స్ వాళ్ల ఓపెన్‌పీడియాట్రిక్స్ (ప్రొసీజర్ వీడియోలకు దానికి మించింది లేదు), డబ్ల్యూహెచ్ఓ ఉచిత కోర్సులు, ఆల్బర్టా యూనివర్సిటీ వాళ్ల పెడ్స్‌కేసెస్ పాడ్‌కాస్టులు. ఇవి ఆడియోనే, మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్ మెట్రోలో రెండు అయిపోతాయి. ఇండియన్ పీడియాట్రిక్స్ జర్నల్ మన రోగుల గురించి మాట్లాడుతుంది, అది వదిలి మిగతావి చదవడంలో అర్థం లేదు. డబ్బు పెట్టగలిగితే ఏఏపీ వాళ్ల పీడియాట్రిక్స్ ఇన్ రివ్యూ, ప్రతి వ్యాసం చివరా ప్రశ్నలుంటాయి.

ఇక మీ నాలుగో ప్రశ్న. తప్పు స్పీడుది కాదు. ఒకటిన్నరలో చూడండి, రెండులో చూడండి, ఆపకుండా చూస్తే ఏ స్పీడైనా ఒకటే. వినేటప్పుడు అన్నీ తెలిసినట్టే అనిపిస్తుంది, అక్కడే మోసం. క్రమం తిరగేయండి. ముందు క్విజ్ తెరిచి, లెక్చర్ చూడకుండానే జవాబులు పెట్టండి. మొదటి ప్రయత్నానికే లెక్క తేల్చేసే కోర్సయితే జవాబులు కాగితం మీద రాసుకోండి. తప్పయినవే మీ లెక్చర్. గంట వీడియోలో ఆ ఇరవై నిమిషాలు మాత్రం ఆపి ఆపి చూడండి, మిగతాది ఎంత స్పీడులో పోయినా నష్టం లేదు.

చూశాక నోట్సు రాయకండి, ప్రశ్నలు రాయండి. లెక్చర్‌కు మూడు చాలు. ప్రశ్న నిర్వచనం అడగకూడదు, నిర్ణయం అడగాలి. "డెంగీ హెచ్చరిక లక్షణాలేమిటి" అనేది పనికిమాలిన ప్రశ్న, పీజీ వైవాకు బాగుంటుంది. ఇలా రాయాలి:

14 కిలోల బాబు. జ్వరం ఐదో రోజు, ఈ పొద్దున తగ్గింది. కడుపునొప్పి, మూడు వాంతులు. చేతులు వెచ్చగా ఉన్నాయి, బీపీ బాగుంది. హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) నిన్న 36, ఇవాళ 44. వచ్చే గంటకు పంపు మీద ఎంత అంకె పెడతావు, ఆ తర్వాత ఎప్పుడు మారుస్తావు?

కార్డు వెనక జవాబు: షాక్ లేదు, హెచ్చరిక లక్షణాలున్నాయి, హెమటోక్రిట్ 20 శాతం మించి పెరిగింది. ఐసోటానిక్ ద్రవం 5–7 మి.లీ./కిలో/గంట, అంటే 70 నుంచి 98, ఒకటి రెండు గంటలు. తర్వాత 3–5, అంటే 42 నుంచి 70, రెండు నుంచి నాలుగు గంటలు. తర్వాత 2–3, అంటే 28 నుంచి 42. ప్రతి మెట్టు దిగేముందు పిల్లవాణ్ణి, మూత్రాన్ని, హెమటోక్రిట్‌ను చూడాలి. జ్వరం తగ్గిందని ఇంటికి పంపడం ఇక్కడ ఉచ్చు.

ఆ కార్డు మర్నాడు ఒకసారి, వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఒకసారి చూసుకోండి. తప్పయితే మళ్లీ మొదటి నుంచి. ఏదో ఒక ఫ్లాష్‌కార్డు యాప్ ఈ లెక్కంతా తనే చూసుకుంటుంది. ఇది కొత్త కిటుకేమీ కాదు. అమెరికన్ బోర్డ్ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా పదేళ్లకోసారి పరీక్ష హాల్లో కూర్చోవడానికి బదులుగా 2019 నుంచి మోకా-పీడ్స్ తెచ్చింది: మూడు నెలలకు 20 ప్రశ్నలు, ఒక్కోదానికి ఐదు నిమిషాలు, పుస్తకం చూసుకోవచ్చు, జవాబు పెట్టగానే ఎందుకో వివరణ వస్తుంది.

టైము విషయం. తొమ్మిదిన్నరకు ఓపీ ముగించి గంట వెబినార్ చూడటం అంటే నిద్రపోతూ హాజరు వేయించుకోవడమే. పొద్దున రౌండ్స్‌కు ముందు ఇరవై నిమిషాలు, వారానికి నాలుగు రోజులు పెట్టుకోండి. లైవ్ ఉన్న రోజు మాత్రం రాత్రి.

---

ఫైళ్ల పని:

ఒక్క మాట. ఇలాంటి కేసు ప్రశ్నలు వాట్సాప్ గ్రూపులో పంచుకునేటప్పుడు ఎక్స్‌రే మీద పేరు, ఐపీ నంబరు, తేదీ కత్తిరించండి. పిల్లల ముఖం ఫోటో అయితే తల్లిదండ్రుల లిఖిత అనుమతి లేకుండా వద్దు. కళ్ల మీద నల్ల గీత గీస్తే సరిపోతుందనుకోవడం పాత కాలపు మాట.

---

ఉప్పల్ ఎన్ఐసీయూ:

సికింద్రాబాద్ గారి సవరణ సరైనదే, రాయాల్సింది మరిచాను.

పాల్స్ సంగతి. ఏహెచ్ఏ వాళ్ల హార్ట్‌కోడ్ పాల్స్‌లో రెండు ముక్కలు. మొదటిది ఆన్‌లైన్, ఇంట్లో కూర్చుని చేసేదే. అది ముగించాక వచ్చే సర్టిఫికెట్ కార్డు కాదు. దాన్ని పట్టుకుని ఏహెచ్ఏ ట్రైనింగ్ సెంటర్‌కు వెళ్లి బొమ్మ మీద చేసి చూపిస్తేనే ఈ-కార్డు, రెండేళ్లు చెల్లుతుంది. "నూరు శాతం ఆన్‌లైన్, అరగంటలో కార్డు" అని వచ్చేవి ఏహెచ్ఏ కార్డులు కావు. డబ్బు కట్టేముందు ట్రైనింగ్ సెంటర్‌ను అడగండి, స్కిల్స్ సెషన్ ఎప్పుడు, ఫీజు కలిపేనా, కోర్సు 2025 గైడ్‌లైన్ ప్రకారమా అని. ఆన్‌లైన్ ముక్క సెషన్‌కు వారం ముందే చేయండి. మూడు నెలల ముందు చేసి వెళ్తే అల్గారిథంలు అక్కడే తడబడతాయి.

చేతిపని వీడియోలో ఎందుకు రాదంటే, మాస్కు లీక్ కంటికి కనబడదు. శిశువుకు మాస్కు వెంటిలేషన్ చూడటానికి అందరిదీ ఒకేలా ఉంటుంది. బొటనవేలు, చూపుడువేలు 'సి' లాగా మాస్కు మీద, మిగతా మూడు వేళ్లు దవడ ఎముక మీద. వీడియో చూసి నేర్చుకున్నవాళ్లు మాస్కును ముఖం మీదికి నొక్కుతారు. చేయాల్సింది దవడను మాస్కులోకి ఎత్తడం. నొక్కితే మెడ వంగుతుంది, శ్వాసమార్గం మూసుకుంటుంది, బ్యాగు పిండితే గాలి పక్కనుంచి పోతుంది, ఛాతీ లేవదు. ఆ తేడా అరచేతికి తెలియాలంటే బొమ్మ కావాలి. వేళ్లు దవడ కింద మెత్తటి భాగంలోకి జారినా అదే గతి.

బొమ్మ దొరికితే నెలకు పది నిమిషాలు చాలు. "పిండు, రెండు, మూడు" అనుకుంటూ నిమిషానికి 40–60 శ్వాసలు, ముప్పై సెకన్లు, ఛాతీ ఎన్నిసార్లు లేచిందో పక్కనున్న నర్సు లెక్కపెట్టాలి. కాంప్రెషన్లు కలిపితే మూడింటికి ఒక శ్వాస. మొదలుపెట్టే ముందు బ్యాగును అరచేతికి ఆనించి పిండండి. ఒత్తిడి తెలియాలి, పాప్-ఆఫ్ వాల్వు తెరుచుకోవాలి. ఉతికి ఆరబెట్టిన బ్యాగుల్లో వాల్వు తిరగేసి బిగించడం తరచూ జరిగేదే. ఒక్కరే చేయకండి, డ్యూటీ నర్సులిద్దరినీ కలుపుకోండి, నిజంగా అవసరపడిన రోజు బ్యాగు పట్టేది వాళ్లే.

---

కూకట్‌పల్లి పీడ్స్:

అందరికీ ధన్యవాదాలు. 18 గంటలకు లెటర్ ఉన్నవే ఎంచుకుంటాను, నేర్చుకోవడానికి వేరేగా పొద్దున ఇరవై నిమిషాలు. ఉప్పల్ సార్, ఒక్క సందేహం. అడ్రినలిన్ కలిపి ట్రాలీలో సిద్ధంగా పెట్టుకోవచ్చా? లేబర్ రూంలో అప్పుడే పుట్టిన శిశువుకు కూడా అదే సిరంజి నుంచేనా?

---

ఉప్పల్ ఎన్ఐసీయూ:

కలిపి నిల్వ పెట్టకండి. బదులుగా ఒక జిప్ కవరులో ఆంప్యూల్, 10 మి.లీ. సెలైన్, 10 మి.లీ. సిరంజి, మూడు 1 మి.లీ. సిరంజిలు, ఒక 5 మి.లీ. సిరంజి, త్రీ-వే (సిరంజిలు కలిపే మూడు దారుల కొళాయి), రాసిపెట్టిన లేబుల్ అన్నీ కలిపి ఉంచండి. కవరు మీద ఆంప్యూల్ ఎక్స్‌పైరీ రాయండి.

శిశువుకూ అదే కలిపిన ద్రావణం, డోసు మాత్రం వేరు. ఐవీ లేదా బొడ్డు సిర ద్వారా కిలోకు 0.1–0.3 మి.లీ., ఎన్ఆర్‌పీ (పుట్టిన శిశువును కాపాడే శిక్షణ) ఎనిమిదో ఎడిషన్ 0.2తో మొదలుపెట్టమంటుంది. మూడు కిలోల శిశువుకు 0.6 మి.లీ., వెంటనే 3 మి.లీ. సెలైన్ ఫ్లష్. లైన్ దొరికేలోపు శ్వాసనాళంలో పెట్టిన ట్యూబులోంచి ఇస్తే కిలోకు 1 మి.లీ., అంటే 3 మి.లీ. ఈ రెండూ తారుమారు కాకూడదు కాబట్టి ఐవీకి 1 మి.లీ. సిరంజి, ట్యూబుకు 5 మి.లీ. సిరంజి, వేరే వాడొద్దు. 10 మి.లీ. సిరంజి నుంచి త్రీ-వే ద్వారా చిన్నదాంట్లోకి తీసుకోవాలి, పెద్ద సిరంజితో నేరుగా శిశువుకు ఇవ్వకూడదు.

లేబుల్ మీద "ఒకటికి పదివేలు" లాంటి నిష్పత్తులు రాయకండి. "1 మి.లీ. = 0.1 మి.గ్రా." అని పెద్ద అక్షరాల్లో, కింద కలిపిన టైము. అంతే.